చప్పుడు లేని కారు

నా పని మొత్తం చప్పుడు మధ్యనే జరుగుతుంది. కాశీబుగ్గలో మాకు జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ అన్నానని పెద్దగా ఊహించుకోవద్దు. రేకుల షెడ్డు, ఒక బాయిలరు, పిక్కలు కోసే మిషన్లు, పప్పు మీద పొట్టు తీసే ఆడవాళ్లు కూర్చునే పొడవాటి గది. పెంకుతో ఉన్న జీడిగింజల్ని మా వైపు పిక్కలంటాం. పొద్దున్న బాయిలరు బుస కొట్టడంతో మొదలైతే మిషన్ల టకటకలు, బస్తాలు దించే వాళ్ల కేకలు, ఆడవాళ్ల కబుర్లు, ఆ కబుర్లని మించి మోగే సెల్‌ఫోను పాటలు. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఆ హోరు కాసేపు చెవుల్లో ఉంటుంది. మామూలుగా మాట్లాడుతున్నాననే అనుకుంటాను. మా ఆయన మాత్రం, "ఇక్కడే ఉన్నానే, ఇచ్చాపురంలో లేను" అంటాడు.

మా ఆయన అంటే మా బావ. మా మేనత్త కొడుకు. పెళ్లి కాకముందు బావా అనే పిలిచేదాన్ని, పెళ్లయ్యాక ఇంకో పిలుపు నోటికి రాలేదు. టెక్కలిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా చేరి అక్కడే రిటైరయ్యాడు. ఎండైనా వానైనా స్కూటరు మీద వెళ్లి వచ్చేవాడు. నెమ్మది మనిషి. ఎవరి మీదైనా గొంతు పెంచగా నేను చూడలేదు. నా ఫ్యాక్టరీ వ్యవహారాల్లో వేలు పెట్టేవాడు కాదు గానీ, లోడు దిగే రోజు అడక్కుండానే వచ్చి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నాకు అది చాలు.

కారు మీద నాకు మోజు ఎలా పుట్టిందో చెప్పాలి. అప్పట్లో పప్పు డబ్బాలతో పాటు లారీలో నేనే విశాఖపట్నం వెళ్లేదాన్ని. లారీ కేబినులో ఇంజను పక్కన కూర్చుని, కాళ్లకి సెగ తగులుతుంటే, డ్రైవరు చెప్పేది సగం వినిపించక తల ఊపుతూ వెళ్లడం. ఒకసారి అక్కడ పెద్ద వాన పట్టుకుంది. సరుకు కొన్న వ్యాపారి పాపం మంచివాడు. "ఈ వానలో ఆటో దొరకదమ్మా" అని తన కారిచ్చి రైల్వే స్టేషనుకి పంపించాడు. వెనక సీట్లో కూర్చున్నాను. తలుపు మూసుకుంది. అంతే, వాన చప్పుడు ఆగిపోయింది. అద్దాల మీద నీళ్లు ధారలు కడుతున్నాయి, పక్కన బస్సువాడు హారను కొడుతున్నట్టు చెయ్యి కనిపిస్తోంది, నాకు మాత్రం నా ఊపిరే వినిపిస్తోంది. స్టేషను అంత దగ్గర ఎందుకయిందా అనిపించింది. దిగేటప్పుడు డ్రైవరుకి దండం పెట్టినంత పని చేశాను.

అలాంటి కారు ఒకటి నాకూ ఉండాలని ఆ రోజే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చాలా ఏళ్లు పట్టింది. పిల్లల చదువులు, పెళ్లిళ్లు, మధ్యలో తుఫానుకి షెడ్డు రేకులు లేచిపోవడం, అన్నీ అయ్యాక ఒక రోజు రాత్రి భోజనాల దగ్గర చెప్పాను.

"పెద్ద కారు కొంటాను బావా."

అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "ఎంత పెద్దది?"

"చప్పుడు వినపడనంత పెద్దది."

చెయ్యి మళ్లీ కదిలింది. "మన సందులో తిరగదు కదే."

"ఫ్యాక్టరీలో పెడతాను."

"సరే, నీ కట్టం, నీ కోరిక. కొనుక్కో. నన్ను మాత్రం ఎక్కమనకు. మూసీసిన బండిలో నాకు కడుపులో తిప్పుతాది."

ఆ మాట నిజం. పెళ్లిలో మమ్మల్ని అంబాసిడరులో ఊరేగిస్తే, దారిలో రెండుసార్లు బండి ఆపించిన పెళ్లికొడుకు మా బావ.

కాశీబుగ్గలో డ్రైవింగు నేర్పే ఆయన దగ్గర చేరి నేర్చుకున్నాను. ఈ వయసులో నీకిదేటి అన్నవాళ్లకి నవ్వి ఊరుకున్నాను. లైసెన్సు వచ్చాక కారు బుక్ చేశాను. ముదురు నీలం రంగు సెడాను. పొడవాటి వెనక డిక్కీ, పైకప్పులో అద్దం, లోపల తోలు వాసన. విశాఖపట్నం షోరూములో తాళాలు ఇచ్చే రోజు బావ కూడా వచ్చాడు, రైల్లో. ఎర్ర రిబ్బను కట్టిన కారు ముందు నా పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు. ఫొటో అవగానే, "జాగర్తగా రా" అని చెప్పి మళ్లీ రైలెక్కి వెళ్లిపోయాడు. నేను హైవే మీద నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చేసరికి, ఫ్యాక్టరీ గేటు దగ్గర కొబ్బరికాయ, నిమ్మకాయలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చక్రాల కింద నిమ్మకాయలు తనే పెట్టాడు. పొట్టు తీసే ఆడవాళ్లు చేతులు కడుక్కుని వచ్చి వంతుల వారీగా లోపల కూర్చుని చూశారు. ఒకావిడ తలుపు మూయించుకుని కాసేపు కళ్లు మూసుకుని కూర్చుంది. దిగాక, "ఎంత బాగుందమ్మా, ఎవులూ పిలవడం లేదు" అంది. నాకు నచ్చింది ఆ మాట.

కొన్నాళ్లు రాజ్యమేలాను. ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు అవతల, మాకు కొంచెం జీడితోట, కొబ్బరితోట ఉన్నాయి. పని ఉన్నా లేకపోయినా అటు వెళ్లేదాన్ని. రెండు పక్కలా కొబ్బరి చెట్లు ఊగుతుంటాయి, ఆకుల గలగల మాత్రం వినపడదు. తెర మీద మూగ బొమ్మలు చూస్తున్నట్టు ఉండేది. బావ స్కూటరు మీద వెనకాల వచ్చేవాడు. అద్దంలో అతను చిన్నగా కనిపిస్తుంటే నెమ్మదిగా పోనిచ్చేదాన్ని.

ఎండలు ముదిరిన రోజుల్లో మొదలైంది ఆ చప్పుడు. ఎండిన పిక్కని చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గింజ కదిలి టిక్కుమంటుంది చూడండి, అచ్చం అలాంటిది. నా తల వెనక ఎక్కడో. టిక్. కాసేపు ఏమీ ఉండదు. మళ్లీ టిక్, టిక్. వేరే బండిలో అయితే అసలు తెలియదు. ఏ చప్పుడూ లేని చోట అదొక్కటే చప్పుడు. ఇంట్లో కుళాయి కారుతుంటే ఒకసారి చెవిన పడ్డాక మరి నిద్ర పట్టదు కదా, అలా అయింది నా పని. సీట్ల కింద వెతికాను, డిక్కీలో ఉన్నవన్నీ బయట పెట్టాను, గాజులు తీసేసి నడిపాను. టిక్.

బావతో చెప్పాను. అతను కారెక్కి వినలేదు గానీ, "నువ్వు ఇనపడతందంటే ఇనపడతన్నట్టే. కొత్త బండి కదా, వారంటీ ఉంటాది. తీసికెళ్లి సూపించు" అన్నాడు.

వారంటీ సర్వీసు అంటే మళ్లీ విశాఖపట్నమే. మా జిల్లాలో ఆ కంపెనీ వర్క్‌షాపు లేదు. తెల్లవారగానే బయల్దేరి వెళ్లాను. సర్వీసు మేనేజరు ఇస్త్రీ చొక్కా నలగని మనిషి. ఎంతో మర్యాదగా కుర్చీ వేయించాడు, కాఫీ తెప్పించాడు. ఆ తర్వాత నా వెనక గుమ్మంకేసి చూసి, "సార్ రాలేదా మేడమ్?" అన్నాడు.

"రాలేదండి. కారు నాదే" అన్నాను.

సాయంత్రం దాకా ఉంచుకున్నారు. చివరికి మేనేజరు నవ్వుముఖంతో వచ్చి నా చేతిలో చిన్న ప్లాస్టిక్ కవరు పెట్టాడు. లోపల ఒక జీడిపిక్క ఉంది.

"ప్రాబ్లం దొరికింది మేడమ్. వెనక సీటు సందులో ఇరుక్కుంది. ఇది దొర్లినప్పుడల్లా శబ్దం వస్తోంది."

నాకు సిగ్గేసింది. నా పిక్కే నన్ను ఇంత దూరం పరుగెత్తించిందా అనుకుని, అందరికీ పేరుపేరునా థాంక్స్ చెప్పి బయల్దేరాను. దారి పొడుగునా ఏ చప్పుడూ లేదు. సాయంత్రం చల్లబడింది, హాయిగా ఇంటికొచ్చాను. పిక్క సంగతి విని బావ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. మర్నాడు మధ్యాహ్నం తోటకి వెళ్తుంటే మళ్లీ టిక్.

రెండోసారి వెళ్తే రెండ్రోజులు ఉంచుకున్నారు. వెనక ప్లాస్టిక్ పలకలన్నీ విప్పి, సందుల్లో మెత్తటి గుడ్డ పట్టీలు అంటించామని చెప్పారు. టెస్ట్ డ్రైవ్ చేస్తే ఏ శబ్దమూ రాలేదన్నారు. పల్లెటూరి రోడ్డు గతుకులకి ఏ కారులోనైనా కొంచెం ఉంటుంది మేడమ్, అది నార్మలే అన్నారు. బీచ్ రోడ్డు మీద, సముద్రపు గాలిలో టెస్ట్ డ్రైవ్ చేస్తే ఏం వస్తుంది? ఇంటికొచ్చాక రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు ఎండ కాసింది. టిక్.

ఆ రాత్రి నేను అన్నం సరిగ్గా తినలేదు. నిజం చెప్పాలంటే అప్పటికి నాకు నా మీదే అనుమానం వచ్చేసింది. ఇన్నేళ్ల మిషన్ల రొదకి చెవుల్లోనే ఏదో తేడా వచ్చిందేమో, లేని చప్పుడు వింటున్నానేమో. ఆ మాటే బావతో అన్నాను. చెవుల డాక్టరుకి చూపించుకుంటానని కూడా అన్నాను.

బావ లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, "రేపు నానూ వత్తాను" అన్నాడు.

"రైల్లోనా?"

"కార్లోనే. ఇనాలి కదా."

మర్నాడు ఒక చేతిలో నిమ్మకాయ, ఇంకో చేతిలో తువ్వాలు పట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. బెల్టు నేనే పెట్టాను. పరీక్షకి వెళ్లే పిల్లాడిలా బిగుసుకుపోయి ఉన్నాడు. టెక్కలి దాటేదాకా నిమ్మకాయ వాసన చూసుకోవడమే. నిమ్మాడ దగ్గర, "కొంచెం ఆపే" అన్నాడు. దిగి రోడ్డు పక్కన చెట్టు కింద నిలబడి గాలి పీల్చుకున్నాడు. నేను టీ తెచ్చి ఇచ్చాను. "వెనక్కి వెళ్లిపోదామా బావా?" అన్నాను. తల అడ్డంగా ఊపి మళ్లీ ఎక్కాడు. శ్రీకాకుళం దాటాక ఎండ బాగా ఎక్కింది. చప్పుడు రావాలని నేను దేవుడికి దండం పెట్టుకుంటున్నాను. వచ్చింది. టిక్. నేను అతనికేసి చూడలేదు.

కాసేపటికి బావ అన్నాడు. "నీ సెవులు బాగానే ఉన్నాయే. డాక్టరొద్దు, ఏటొద్దు."

నాకు కళ్లు చెమర్చాయి. రోడ్డు మసకబారితే నెమ్మది చేశాను.

వర్క్‌షాపులో మేనేజరు ఈసారి ఉత్సాహంగా ఎదురొచ్చాడు. బావకి షేక్‌హ్యాండ్ ఇచ్చి, నా కుర్చీ కొంచెం పక్కకి జరిపి, అతని ఎదురుగా కూర్చున్నాడు.

"సార్, మీరొచ్చారు కాబట్టి ఫ్రాంక్‌గా చెప్తాను. కారులో ఏ ప్రాబ్లమూ లేదు. కొత్త కారు కదా, మేడమ్‌గారికి కొంచెం సెన్సిటివ్‌గా అనిపిస్తోంది. లేడీస్‌కి అలా ఉంటుంది సార్."

బావ అతను చెప్పిందంతా విన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "బాబూ, నాకు నడపడం రాదు. కారు ఆవిడిది, కొన్నది ఆవిడ, నడిపింది ఆవిడ. మీరు ఆవిడకేసి తిరిగి మాటాడండి."

మేనేజరు నవ్వాడు గానీ తిరగలేదు. బావ ఎదురుచూశాడు. ఆ ఎదురుచూడడం ఎలా ఉందంటే, అతను తిరిగేదాకా ఈ గదిలో ఇంకేమీ జరగదన్నట్టు ఉంది. చివరికి మేనేజరు కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు.

నేను మొదటి నుంచి చెప్పాను. ఎండలోనే వస్తుంది, తల వెనక పైనుంచి వస్తుంది, సాయంత్రం ఉండదు, అన్నీ. అతను రాసుకుని, "ఒక వారం టైమివ్వండి మేడమ్, పై వాళ్లతో మాట్లాడి ఫోన్ చేస్తాం" అన్నాడు.

అప్పుడు బావ మళ్లీ నోరు విప్పాడు. "నా సర్వీసంతా నేను టేబులుకి ఆ పక్కన కూకున్నాను బాబూ. ఫోను సేత్తాం, ఎల్లి రండి అని నేనూ సాలామందికి సెప్పాను. ఎంత మర్యాదగా సెప్తే అంత ఆలీసం అవుతాది. అందుకని నేనిక్కడ కూకుంటాను. మీరు పై వాళ్లతో ఇప్పుడే మాటాడండి. మీ మనిషినొకరిని మా ఊరు పంపండి. మా రోడ్డు మీద, మా ఎండలో, కార్లో కూకోని ఇనమనండి. ఇనపడకపోతే ఆవిడా నేనూ మరి రాం."

ఆ మాటల్లో కోపం లేదు. వరండాలో సోఫా మీద కూర్చుని తువ్వాలు ఒళ్లో పరుచుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. మధ్యాహ్నం దాటింది. తెచ్చుకున్న పులిహోర డబ్బా తీసి, రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయికి కూడా పెట్టాడు. ఆవిడ మొహమాటపడుతూనే తింది, తిన్నాక మేనేజరు గదిలోకి రెండుసార్లు వెళ్లి వచ్చింది. ఆవిడేం చెప్పిందో తెలియదు. సాయంత్రానికి మేనేజరు వచ్చి, వచ్చే వారం మా సీనియర్ టెక్నీషియన్‌ని పంపిస్తాం మేడమ్ అన్నాడు. ఈసారి నాకేసి చూసే చెప్పాడు.

వచ్చిన టెక్నీషియన్ నలభై దాటిన మనిషి. ఒక చిన్న పెట్టె, మెడలో ఏదో చెవులకి పెట్టుకునే సాధనం. బావ పలాస స్టేషనుకి స్కూటరు మీద వెళ్లి తీసుకొచ్చాడు. దారిలో టిఫిను కూడా పెట్టించాడట. ముగ్గురం బయల్దేరాం. నేను నడుపుతున్నాను, టెక్నీషియన్ పక్కన, బావ నిమ్మకాయతో వెనక.

ఆ పొద్దున్న కారు చప్పుడు చేస్తే ఒట్టు. మబ్బు పట్టి ఉంది, సముద్రం వైపు నుంచి గాలి వీస్తోంది. వజ్రపుకొత్తూరు రోడ్డు మీద పోయాం, వెనక్కి తిరిగాం, గతుకులున్న చోటల్లా కావాలని ఎక్కించాను. ఏమీ లేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లగానే జ్వరం తగ్గిపోయే పిల్లలుంటారు, సరిగ్గా అలా చేసింది. టెక్నీషియన్ మధ్యమధ్యలో వాచీ చూసుకున్నాడు. బావ వెనకనుంచి, "వత్తాది బాబూ, వత్తాది. కొంచెం మొగమాట పడతంది" అన్నాడు.

మధ్యాహ్నానికి వదిన వాళ్ల ఊరు చేరాం. వదినంటే బావకి అక్క. సముద్రానికి దగ్గరగా, తోటల మధ్య ఇల్లు. మేం వస్తున్నామని పొద్దున్నే చెప్పాం. కారు ఆగగానే కొంగు బిగించుకుని ఎదురొచ్చింది. నేను అలవాటుగా కారుని కొబ్బరి చెట్ల నీడలో పెట్టబోయాను.

"అక్కడొద్దే! కాయలు ముదిరిపోనాయి, దింపేవోడు రాలేదు. ఒక్క కాయ పడిందంటే నీ అద్దం ఉండదు. ఇలా కళ్లంలో ఎట్టు" అంది.

అప్పటికి మబ్బు విడిపోయింది. చెట్టు నీడ లేని కళ్లంలో కారు పెట్టి లోపలికి వెళ్లాం.

వదిన టెక్నీషియన్‌ని ఎగాదిగా చూసి, "ఏటి బాబూ, కారుకి ఏటి జబ్బు? నువ్వేటి సెప్తావు?" అని అడిగింది. ఇంకా తెలియలేదమ్మా అన్నాడతను. "తిను ముందు. కాలీ కడుపుతో ఏటినపడతాది?" అంది. పచ్చి జీడిపప్పు కూర, పనసపొట్టు, చేపల పులుసు. చేప అతను తింటాడో తినడో అడగలేదు, వడ్డించేసింది. అతను కూర రెండోసారి అడిగి వేయించుకున్నాడు. పచ్చి పప్పు ఎలా వొలుస్తారని అడిగితే, దాని పాలు తగిలి బొబ్బలెక్కిన తన వేళ్లు వదిన చూపించింది. అతను తినడం ఆపి ఆ వేళ్లకేసి చూశాడు. తర్వాత వాళ్లమ్మ గురించి ఏదో చెప్పాడు. చాలా రోజుల తర్వాత ఇంటి భోజనం తిన్నానన్నాడు. ఇక కారు సంగతి తేలకపోయినా ఫర్వాలేదనిపించింది నాకు. వచ్చిన మనిషి కడుపునిండా తిన్నాడు, అంతే చాలు.

తిరిగి బయల్దేరేసరికి కారు పొయ్యి మీద పెట్టిన పెనంలా ఉంది. తలుపులన్నీ తీసి వేడి పోనిచ్చి ఎక్కాం. ఊరు దాటీ దాటగానే మొదలైంది. టిక్. టిక్ టిక్.

"అదే! అదే!" అని బావ వెనకనుంచి టెక్నీషియన్ భుజం మీద చరిచాడు.

"సార్, ఒక్క నిమిషం, మాట్లాడకండి" అన్నాడతను. కారు ఆపమని వెనక సీట్లోకి మారాడు. బావని ముందుకి పంపించాడు. వెల్లకిలా పడుకుని, కాళ్లు తలుపుకి తన్ని పెట్టి, చెవి పైకప్పుకి ఆనించే ప్రయత్నం చేశాడు. "నెమ్మదిగా పోనివ్వండి మేడమ్. ఇంకొంచెం నెమ్మది. ఇప్పుడు బ్రేకు." చెవులకి ఆ సాధనం పెట్టుకుని, దాని చివర పైకప్పు అంచు వెంబడి జరుపుతున్నాడు. నడిచి వెళ్లేవాళ్లకంటే నెమ్మదిగా పోతున్నాం. రోడ్డు పక్కన కొబ్బరి పీచు ఆరబెడుతున్న ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. వెనక సీట్లో పడుకున్న మనిషిని చూసి ఒక ముసలాయన కారు పక్కనే నడుస్తూ వచ్చాడు. నేను అద్దం దించాను.

"పలాస ఆసుపత్రికేనా అమ్మా? ఎవులికి?"

ఇంటింటా కిడ్నీ జబ్బులున్న మా ఉద్దానంలో ఎవరినైనా వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్తుంటే అడిగే మొదటి ప్రశ్న అదే.

"ఎవరికీ ఏం లేదు తాతా. కారుకే ఒంట్లో బాగోలేదు" అన్నాను.

ఆయన నమ్మలేదు. వంగి టెక్నీషియన్ ముఖం చూసి, అతను నవ్వితే అప్పుడు తేలికపడ్డాడు.

పైకప్పు అద్దం చుట్టూ ఉన్న చట్రంలో, కుడివైపు మూల, ఒక బిగింపు సరిగ్గా కూర్చోలేదని తేలింది. ఎండకి చట్రం సాగినప్పుడు అక్కడ రాసుకుని చప్పుడు వస్తోంది. టెక్నీషియన్ లేచి కూర్చుని, చెమట తుడుచుకుని, నాతో అన్నాడు. "ఇది మా కార్ల ఫ్యాక్టరీలో జరిగిన పొరపాటు మేడమ్. తప్పు మాదే. చట్రం మొత్తం వారంటీలో మార్చేస్తాం. మీరు చెప్పిన చోటే ఉంది."

ఆ చట్రం మారినా మారకపోయినా, ఆ ఒక్క మాటతో నా సగం బాధ తీరిపోయింది. ఇన్నాళ్లూ నా చెవులు అబద్ధం చెప్తున్నాయన్నట్టు మాట్లాడిన వాళ్ల దగ్గర్నుంచే ఒకరొచ్చి, ఉంది అన్నారు. బావ నిమ్మకాయ జేబులో పెట్టుకుని, బయటికి చూస్తూ కూర్చున్నాడు. గర్వంగా ఉన్నప్పుడు అలాగే కూర్చుంటాడు. టెక్నీషియన్‌ని సాయంత్రం రైలెక్కించేటప్పుడు వదిన పంపిన జీడిపప్పు, పనస తొనలు అతని పెట్టె పక్కన పెట్టి వచ్చాడు.

చట్రం విదేశం నుంచి రావాలన్నారు. కారు వర్క్‌షాపులో ఉండిపోయింది. ఆ రోజుల్లో మళ్లీ బావ స్కూటరే గతి. ఫ్యాక్టరీకి దింపేవాడు, సాయంత్రం తీసుకెళ్లేవాడు. కొత్తగా పెళ్లయినప్పుడు ఇలాగే తిరిగేవాళ్లం. అప్పుడు ఒక పక్కకి రెండు కాళ్లూ వేసి కూర్చుని, నడుం పట్టుకోవడానికి సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, పట్టుకోకపోతే పడిపోతాను. గాలి హోరులో నేను చెప్పేది అతనికి వినపడేది కాదు. "ఏటీ?" అని అరిచేవాడు, నేను మళ్లీ అరిచేదాన్ని. కారు రావడం ఆలస్యమవుతోందని వర్క్‌షాపు వాళ్లు ఫోను చేసి సారీ చెప్తే, ఫర్వాలేదండి అన్నాను. నిజంగానే ఫర్వాలేదనిపించింది.

కారు వచ్చాక మంచి ఎండ చూసి అదే రోడ్డు మీద బయల్దేరాం. కళ్లంలోనే పెట్టి, వదిన ఇంట్లో మజ్జిగ తాగి, తిరిగొచ్చాం. నేను ఊపిరి బిగబట్టి నడుపుతున్నాను. ఏసీ ఆపాను, ఫోను ఆపాను. ఏమీ లేదు.

"ఇంకా ఇంటన్నావేటే? పోయింది" అన్నాడు బావ.

"ఏమో బావా, మళ్లీ వస్తుందేమో."

"వత్తే అతన్ని పిలుద్దాం. అక్క అడుగుతోంది కూడా, మళ్లీ ఎప్పుడొత్తాడని."

కొన్ని రోజులకి ఒక పొద్దున్న కాఫీ తాగుతూ, పేపరు మీంచి తల ఎత్తకుండానే అన్నాడు. "నాకూ నేర్పు."

"ఏమిటి?"

"కారు."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను. ఎందుకని అడిగితే, నడిపేవాళ్లకి కడుపులో తిప్పదని టెక్నీషియన్ చెప్పాడట. అతనికి అప్పుడప్పుడు ఫోను చేసి మాట్లాడుతున్నాడని నాకు అప్పుడే తెలిసింది.

టెక్కలి నుంచి నౌపడ వైపు ఉప్పుమడుల మధ్య తిన్నగా పోయే రోడ్డు ఉంది. రెండు వైపులా తెల్లటి ఉప్పు కుప్పలు, నీళ్లు నిలిచిన మడులు, గుద్దుకోవడానికి ఒక చెట్టు కూడా లేదు. అక్కడికి తీసుకెళ్లి స్టీరింగు ముందు కూర్చోబెట్టాను. కళ్లజోడు తుడుచుకుని, దేవుడికి దండం పెట్టుకుని, బయల్దేరాడు. స్కూటరు కంటే నెమ్మది. గీత దాటినప్పుడల్లా కారు బీప్ మంటే, "ఉండవే, తెల్సు" అని దానికి సమాధానం చెప్తున్నాడు. నా చెయ్యి హ్యాండ్ బ్రేకు మీదే ఉంది, కానీ అవసరం రాలేదు. ఒక కిలోమీటరు పోయాక ఎదురుగా గేదెల మంద వచ్చింది. చక్కగా ఆపాడు. హారను కొట్టలేదు. అద్దం దించి, వాటిని తోలుకొస్తున్న ఆడమనిషితో, "మీరు ముందు ఎల్లండమ్మా, నాకు తొందరేటీ లేదు" అన్నాడు.

ఆవిడ కారుని, స్టీరింగు పట్టుకున్న తెల్లజుట్టు మనిషిని, పక్కన నన్ను చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ గేదెల్ని తోలుకుపోయింది. తెరిచిన అద్దంలోంచి ఉప్పు గాలి, గేదెల గిట్టల చప్పుడు, వాటి మెడల్లో గంటలు లోపలికి వచ్చాయి. చివరి గేదె దాటేదాకా బావ అద్దం ఎత్తలేదు. నేనూ ఎత్తమనలేదు.